ఊకు, ఊకో

లిఫ్టు చెడిపోయి వారమైంది. అందుకని ఈ ఉదయం గ్యాస్ తెచ్చిన మనిషి బండను మూడో అంతస్తు దాకా భుజం మీద మోసుకొచ్చి, పైకి రాగానే దించేసి, అక్కడి నుంచి మా గుమ్మం దాకా నేలమీదే జరుపుకుంటూ వచ్చాడు. నున్నటి గ్రానైటు మీద ఆ బరువు గర్రుమంటూ కదిలిన చప్పుడు వంటింట్లో ఉన్న నాకు వినబడింది. అప్పుడే టీ గిన్నె దించి చేతులు తుడుచుకుంటున్నాను. చేతిలోని గుడ్డను ఒక చేయి పైన, ఒక చేయి కింద పెట్టి, కర్రను పట్టినట్టు బిగించి పట్టుకున్నానని అతను రెండోసారి బెల్లు కొట్టాక గాని నాకు తెలియలేదు.

పన్నెండేళ్లయినా ఇది నన్ను వదల్లేదు. సిలిండరును మనం బండ అంటాం. నేను ఒకప్పుడు ఆడిన ఆటలో జరిపేదీ బండే, అది మంచు మీద కదిలే చప్పుడూ దాదాపు ఇదే. ఆ ఆటను కర్లింగ్ అంటారు. దాన్ని నాకు నేర్పిన మనిషి ఎస్తేరు మేడం. ఆమె ఫొటో ఏ పేపర్లోనూ రాలేదు, ఆమె పేరున ఏ కప్పూ లేదు. ఆటల వాళ్లలో ఆమెకు మిగిలిన పేరు ఒక్కటే, జాతీయ మహిళల పోటీల్లో తప్పు కేక వేసి జట్టును ఓడించిన కెప్టెనని. ఆ చెడ్డపేరు ఆమెది కాదు, నాది. ఆ సంగతి రాద్దామని చాలాసార్లు కూర్చున్నాను. ఇవాళ ఆదివారం, స్కూలు లేదు, ఒంట్లో ఓపికా లేదు. అబద్ధం చెప్పడానికి కూడా ఓపిక కావాలి కాబట్టి ఇవాళే రాయడం మంచిది.

ఎస్తేరు మేడం మేడ్చల్‌లో స్టేషనుకు పోయే దారిలో ఒక ప్రైవేటు స్కూల్లో పీఈటీ. నేను ఆరో తరగతి నుంచి పది దాకా అక్కడే చదివాను. పీఈటీ అంటే పిల్లల చేత ఆటలాడించే టీచరని బయటివాళ్లు అనుకుంటారు. ఇప్పుడు నేనూ అదే పని చేస్తున్నాను కాబట్టి చెప్పగలను. పొద్దున గేటు దగ్గర నిలబడి ఆలస్యంగా వచ్చినవాళ్లను ఆపాలి, ప్రార్థన చేయించాలి, రాని టీచరు క్లాసులో కూర్చోవాలి, అన్నాల వేళ పిల్లల చేతులు కడిగించాలి, సాయంత్రం బస్సెక్కించాలి, చివరి పిల్ల దిగేదాకా ఆ బస్సులోనే తిరగాలి. వీటి మధ్యలో ఎప్పుడైనా తీరికైతే ఆటలు. ఆమె సన్నగా, పొడుగ్గా ఉండేది. విజిల్‌ను మెడలో వేసుకోకుండా కొంగు పిన్నీసుకు కట్టుకునేది. ఎక్కడ కూర్చుంటే అక్కడ, వీపు వంచకుండా, అయిదు నిమిషాలు నిద్రపోయేది. లేచాక ఆగిన పనిని మళ్లీ అక్కడి నుంచే మొదలుపెట్టేది.

నేను ఎనిమిది వందల మీటర్లు పరిగెత్తేదాన్ని. జిల్లాలో ఎక్కడ పరిగెత్తినా నాలుగో స్థానమే. మొదటి ముగ్గురికి పతకాలు, నాలుగో మనిషికి చప్పట్లు కూడా ఉండవు. డిగ్రీ మొదటి ఏడాదికి వచ్చేసరికి నా ముందు రెండే దారులున్నాయి. ఒకటి, జాతీయ స్థాయిలో ఏదో ఒక ఆటలో స్థానం సంపాదించి ఆటల కోటాలో వ్యాయామ విద్య కాలేజీలో సీటు తెచ్చుకోవడం. రెండోది, శామీర్‌పేటలో మా అమ్మ పనిచేసే ఫంక్షన్ హాల్లో ఆమె పక్కనే చీపురు పట్టడం. నాయిన చెరువులో చేపలు పట్టేవాడు. చేప ఒక ఏడు ఉంటే ఒక ఏడు ఉండేది కాదు. ఇంట్లో ఎవరూ నన్ను ఒత్తిడి పెట్టలేదు. హాల్లో మేనేజరుతో అమ్మ అప్పటికే నా గురించి చెప్పి ఉంచింది, అంతే.

ఆ రోజుల్లోనే మేడం ఒక కాగితం తెచ్చి చూపించింది. జాతీయ మహిళల కర్లింగ్ పోటీలకు మన రాష్ట్రం నుంచి జట్టు కావాలట. ఆ పేరు నేనెప్పుడూ వినలేదు. ఆమె కూడా వినలేదు. వినకపోవడమే మనకు మేలని ఆమె లెక్క.

"కబడ్డీల అయితే నూరుమంది వెనక నిలవడాలె. గీ ఆటల మన ముంగట ఎవ్వలు లేరు బిడ్డా" అంది.

ఆట తెలియనివాళ్లకు రెండు ముక్కల్లో చెబుతాను. మంచు పరిచిన పొడవాటి బాట ఉంటుంది. ఒక కొస నుంచి, పైన పిడి ఉన్న గుండ్రటి రాతి బండను నేలమీదుగా జార్చి వదలాలి. అవతలి కొసన మంచులో గీసిన వలయాలుంటాయి. వాటి నడిమధ్యకు ఎవరి బండ దగ్గరగా ఆగితే వాళ్లకు పాయింటు. వదిలాక బండను ముట్టుకోకూడదు గాని, ఇద్దరు దాని ముందు నడుస్తూ బ్రష్షు కర్రలతో మంచును రుద్దవచ్చు. రుద్దితే బండ ఇంకొంచెం దూరం, ఇంకొంచెం నేరుగా పోతుంది. రుద్దేవాళ్ల తల వంగి ఉంటుంది కాబట్టి ఎప్పుడు రుద్దాలో, ఎప్పుడు మానాలో అవతలి కొసన నిలబడ్డ కెప్టెను చూసి అరిచి చెబుతుంది. జట్టుకు నలుగురు, మేడం, నేను, ఆమె దగ్గరే చదువుకున్న స్వప్న, మేరీ. మా కెప్టెను మేడమే. బండ వదలడంలో మంచి చెయ్యి స్వప్నది, అందుకని చివరి బండలు ఆమెవి. రుద్దడానికి నేనూ, మేరీ.

ఈ వివరమంతా విని నాయిన చాలాసేపు నవ్వాడు. "ఇల్లు ఊకుమంటె ఊకవు. రైలెక్కి పొయ్యి గాడ ఊకుతవా?" అన్నాడు. అమ్మ నవ్వలేదు. పొద్దుటి నుంచి హాలు ఊడ్చి వచ్చిన మనిషికి అందులో నవ్వొచ్చేదేమీ కనబడలేదనుకుంటాను.

రావల్కోల్ వెళ్లే దారిలో ఒక గ్రానైటు పాలిషింగ్ యూనిట్ ఉండేది. దాని యజమాని మేడం వెళ్లే చర్చికే వచ్చేవాడు. ఆదివారం పని ఉండదు కాబట్టి, ఆరాధన ముగిశాక మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా అక్కడి నేల మాది. పక్కపక్కన పరిచిన నున్నటి పలకల మీద సబ్బునీళ్లు పోసి, మిగిలిన రాతి ముక్కలను గుండ్రంగా కోయించి, వాటికి బీరువా పిడులు బిగించి ఆడేవాళ్లం. మొదటి రోజు నేల మీదున్న రాతిపొడి అంతా ఊకమని నా చేతికి చీపురిచ్చింది. నాకు ఒళ్లు మండింది. ఇంట్లో చీపురు, హాల్లో చీపురు, చివరికి ఆటలో కూడా చీపురేనా అని మొహం మీదే అన్నాను. ఆమె చర్చికి కట్టుకున్న తెల్లచీర కుచ్చిళ్లు దోపుకుని, చీపురు తీసుకుని, ఆ నేలంతా ఒక్కతే ఊకింది. చివరి పలక దాకా వచ్చి నడుము పట్టుకుని నిలబడింది.

"ఊకుడు అందరికొస్తది లావణ్యా. యాడ ఆపాల్నో ఎర్కుండుడే పని" అంది.

ఆ తర్వాత చీపురు నేనే తీసుకున్నాను. ఆమె ఏదో గొప్ప మాట చెప్పిందని కాదు, ఆ నడుము చూసి సిగ్గేసింది.

మాకు మంచు ఎలా ఉంటుందో తెలియదని విని, నవ్విన నాయినే ఒక ఆదివారం ట్రాలీ ఆటోలో చేపల పెట్టెలకు వాడే ఐసు దిమ్మెలు నాలుగు తెచ్చి ఆ పలకల మీద వరుసగా పేర్చాడు. రాతి ముక్క దాని మీద పెడితే చాలు, జారి అవతల పడింది. మేడం రెండు అరచేతులూ ఐసు మీద పెట్టి, చర్మం ఎర్రబడేదాకా తీయలేదు. "సల్లగుంది" అంది, ఆ వయసులో చిన్నపిల్లలాగా. రెండు గంటల్లో దిమ్మెలు కరిగి నీళ్లు మోరీలోకి పోయాయి. పోటీలకు పోయేదాకా మేము మంచు మీద చేసిన సాధన అంతే.

ఇక మాటల సంగతి. మిగతా రాష్ట్రాల వాళ్లు హిందీలోనో ఇంగ్లిషులోనో అరుస్తారని తర్వాత తెలిసింది. మేడం మాకు మన మాటలే పెట్టింది. మా దిక్కు ఊడవడాన్ని ఊకుడు అంటారు. కాబట్టి రుద్దాలంటే 'ఊకు'. మానాలంటే 'ఊకో'. ఊకో అంటే ఇక చాలు, వదిలెయ్, ఊరుకో. ఏడ్చే పిల్లను భుజానేసుకుని తట్టేటప్పుడు అనేదీ ఆ మాటే. రెండూ ఒకేలా ఉన్నాయి, తికమక పడతామేమో అని మేరీ అంటే మేడం ఒప్పుకోలేదు. ఊకు అంటే నోరు మూసుకుంటుంది, ఊకో అంటే తెరుచుకుంటుంది, చెవి పెట్టి వింటే ఎందుకు తెలియదు అంది. ఆమె అన్నది నిజమే. రెండేళ్ల ఆదివారాల్లో నేను ఒక్కసారి కూడా ఆ రెండు మాటల మధ్య పొరపడలేదు. ఈ సంగతి మీరు గుర్తుంచుకోవాలి.

పోటీలు ఉత్తరాదిన ఒక కొండ ఊళ్లో జరిగాయి. రెండు రోజుల రైలు, ఆపైన కొండ దారిలో బస్సు. మంకీ టోపీలు పెట్టుకుని, రెండేసి స్వెటర్లు వేసుకుని, గుండ్రంగా తయారై మంచు మీద నిలబడ్డ మమ్మల్ని చూసి మిగతా జట్ల పిల్లలు నవ్వుకున్నారు. మొదటి ఆట చిత్తుగా ఓడాం. రెండోదీ, మూడోదీ గెలిచాం. ఎలా గెలిచామంటే నాకిప్పటికీ తెలియదు. రుద్దడంలో మాత్రం మాకు ఎవరూ సాటి రారని అక్కడి కోచ్ ఒకాయన అన్నాడట. రుద్దడం మాకు పుట్టుకతో వచ్చిన విద్య కదా. నాలుగో ఆట గెలిస్తే మొదటి నాలుగు జట్లలో ఉంటాం. నాకు కాలేజీ సీటు. మేడంకు కూడా ఒక ఆశ ఉంది. జట్టు అందాకా వస్తే ఆమెనే రాష్ట్ర కోచ్‌గా పెట్టుకుంటామని మా వెంట వచ్చిన రాష్ట్ర కర్లింగ్ సంఘం కార్యదర్శి మాటిచ్చాడు. అదొస్తే బస్సు డ్యూటీ తప్పుతుందని ఆమె నాతో ఒకే ఒక్కసారి అంది. అలా అన్నందుకు కూడా తర్వాత కాస్త సిగ్గుపడింది.

ఆ ఆట చివరి బండ దాకా వచ్చింది. పాయింట్లు సమానం. వాళ్ల బండ ఒకటి నడిమధ్యకు కాస్త అవతల ఆగి ఉంది. స్వప్న వదిలే బండ దానికన్నా దగ్గరగా ఆగితే గెలుపు మాది, దాటిపోతే వాళ్లది. స్వప్న మోకాలి మీద జారుతూ వచ్చి వదిలింది. ఆ కొస నుంచి "ఊకు" అని కేక వచ్చింది. మేరీ, నేను వంగి రుద్దాం. భుజాలు మండుతున్నాయి. బండ సగం దాటింది. వలయాలకు ఇంకా కొంచెం దూరం ఉందనగా నా కళ్లకు అది మందగించినట్టు కనబడింది. సరిగ్గా అప్పుడు "ఊకో" అని వినబడింది. మేరీ కర్ర పైకెత్తేసింది. నేను తలెత్తాను. మేడం మొహం నాకు స్పష్టంగా కనబడింది. నోరు బాగా తెరిచి, రెండు చేతులూ అడ్డంగా ఊపుతోంది. నాకు ఆమె కన్నా బాగా తెలుసని ఆ క్షణంలో అనిపించింది. ఈ బండ చేరదు, ప్రతిసారీ నేను ఆగిపోయినట్టే ఒక అడుగు ముందే ఆగిపోతుంది అనుకున్నాను. మళ్లీ తల వంచి, ఉన్న బలమంతా పెట్టి ఊకాను.

బండ నడిమధ్య మీదుగా, చాలా మెల్లగా, మర్యాదగా పోయినట్టు పోయి, వాళ్ల బండ కన్నా ఒక జానెడు అవతల ఆగింది.

అవతలి జట్టు అరుపులు తగ్గాక కార్యదర్శి మా దగ్గరికి వచ్చాడు. ఒకరు ఆపి ఒకరు రుద్దడమేమిటని అడిగాడు. ఎవరినీ ప్రత్యేకంగా అడగలేదు. ముందు నోరు తెరిచింది నేనే.

"నాకు ఊకు అనే ఇనబడ్డది సార్" అన్నాను.

మేరీ నన్ను చూసింది. తర్వాత కిందికి వంగి బూట్ల లేసులు విప్పుకోవడం మొదలుపెట్టింది. మేడం కూడా నన్ను చూసింది. ఆ చూపులో కోపం ఉంటే ఈ పన్నెండేళ్లు నాకు కొంచెం తేలికగా గడిచేవి. బస్సు డ్యూటీ ముగిసి ఇంటికి పోయేటప్పుడు ఉండే అలసట తప్ప అందులో ఏమీ లేదు.

"ఔ సార్. నేనే ఊకు అన్న. మాట తప్పు వడ్డది" అంది.

మరి మేరీ ఎందుకు ఆపిందని ఆయన అడగలేదు. ఆ రెండు మాటలకు తేడా ఏముంది, అలాంటి మాటలు పెట్టుకుంటే ఇంకేమవుతుంది అని విసుక్కుని, చేతిలోని కాగితం మీద ఏదో రాసుకుని వెళ్లిపోయాడు. తిరుగు రైల్లో మేడం కిటికీ పక్కన వీపు వంచకుండా కూర్చుని నాగపూర్ దాకా నిద్రపోయింది. లేచాక సంచిలోంచి అటుకులు తీసి నలుగురికీ పంచింది. నా వంతు అందరితో సమానంగానే ఉంది. అక్కడైనా నేను చెప్పి ఉండాల్సింది. అటుకులు తిన్నాను.

మరుసటి ఏడు జట్టు జాబితాలో నా పేరుంది, మేడం పేరు లేదు. కెప్టెను తప్పుకు ఆటగాళ్లనెందుకు శిక్షించాలని కార్యదర్శి అన్నాడట. కొత్త కోచ్ వచ్చాడు, కొత్త కెప్టెను వచ్చింది, కేకలు ఇంగ్లిషులోకి మారాయి. మూడో స్థానం వచ్చింది. సర్టిఫికెట్ వచ్చింది, సీటు వచ్చింది, ఆ తర్వాత ఉద్యోగం వచ్చింది. నేను ఇవాళ తినే అన్నం ఆమె ఆడిన అబద్ధం మీద ఉడుకుతోంది. సర్టిఫికెట్ చూపించడానికి వెళ్తే, అది మాసిపోతుందని చేతులు కడుక్కుని వచ్చి మరీ పట్టుకుంది. పేరు సరిగ్గా రాశారా లేదా అని రెండుసార్లు చదివింది. ఆమె మాత్రం ఇంకో తొమ్మిదేళ్లు ఆ స్కూలు బస్సులోనే తిరిగింది.

క్రిస్మస్‌కు, రెండు మూడు నెలలకొకసారి ఆదివారం, వెళ్తూనే ఉండేదాన్ని. ప్రతిసారీ చెబుదామనే వెళ్లేదాన్ని. స్కూలు సంగతులు, మోకాళ్ల నొప్పులు, ఎవరి పిల్లలు ఎక్కడున్నారన్న మాటలు అయ్యేసరికి బస్సు వేళయ్యేది. మనిషి పిరికితనానికి బస్సు వేళంత మంచి సాకు ఇంకొకటి లేదు.

రెండేళ్ల కింద ఆమెకు పక్షవాతం వచ్చింది. కుడి చేయి, కుడి కాలు, మూతిలో కుడి సగం పడిపోయాయి. చర్చి వెనక వీధిలో రెండు గదుల ఇల్లు. నేను వెళ్లిన మధ్యాహ్నం ఆమె చెల్లెలు మంచం వాల్చి, ఆమెను గోడకు ఆనించి కూర్చోబెట్టి, బట్టలు ఆరేయడానికి బయటికి వెళ్లింది. ఇక రేపు మాపు అనడానికి లేదని నాకు అర్థమైంది. ఏ ముందుమాటా లేకుండా చెప్పేశాను.

"మేడం, ఆనాడు మీరు ఊకో అన్నది నాకు ఇనబడ్డది. ఇనబడి గూడ ఊకిన."

ఆమెకు మాట కూడదీసుకోవడానికి కొంత సమయం పట్టింది.

"ఎర్కె" అంది. "నా మొకం జూసినవ్. జూసి, మల్ల తల వంచినవ్."

మరి ఎందుకు అలా చెప్పారని అడిగాను. తన వయసు అప్పటికే నలభై నాలుగని, ఇంకో ఏడాదికి తన మోకాళ్లు మంచు మీద నిలవవని, నాకు పందొమ్మిదని, ఇద్దరిలో ఒకరి పేరు ఎలాగూ కొట్టేస్తారని, ఆగుతూ, ఒక్కో ముక్కగా చెప్పింది. ఇందులో ప్రేమ ఉందని నేను అనుకోవాలని ఆమెకు లేదు. బస్సులో సీట్లు సర్దినట్టు సర్దింది. ఆఖరున ఇంకో మాట అంది.

"ఎప్పుడు జెప్తవా అని జూసిన. గిన్నేండ్లు వట్టింది."

అప్పుడు నాకు ఏడుపు ఆగలేదు. ముప్పై ఏళ్లు దగ్గరపడ్డ దాన్ని, వంద మంది పిల్లలను ఒక్క విజిల్‌తో నిలబెట్టేదాన్ని, ఆమె మంచం పట్టె మీద తల ఆనించి పెద్దగా ఏడ్చాను. ఆమె ఎడమ చేయి నా తల మీద పడింది. ఒక మాట అంది. నోరు సగమే తెరుచుకునే మనిషి అన్న మాట అది. ఊకు అన్నా, ఊకో అన్నా ఆ నోట ఇప్పుడు ఒకటే. అయినా నాకు ఏ తికమకా లేదు. ఆమె చెప్పగానే ఊరుకున్నాను.

కిందటేడు ఆమె పోయింది. సమాధుల దొడ్డిలో మట్టి వేశాక, చుట్టూ రాలిన పూలూ ఆకులూ ఊకడానికి ఎవరో చీపురు తెచ్చారు. తెచ్చినవాళ్లు ఎవరో చూడకుండానే చేయి చాచి తీసుకున్నాను.

ఇప్పుడు ఆదివారం సాయంత్రాలు నా దగ్గరికి ఆరుగురు అమ్మాయిలు వస్తారు. రావల్కోల్ దారిలోని ఆ యూనిట్ మూతపడింది. మా స్కూలు నేలమాళిగలోనే బండ జార్చడం నేర్పుతున్నాను. ఇవాళ కూడా పోవాలి. ఒంట్లో ఓపిక లేకపోయినా పోవాలి. వాళ్లకు నేను పెట్టిన కేకలు అవే, ఊకు, ఊకో. వచ్చిన మొదటి రోజే ప్రతి పిల్లకూ ఈ కథ చెబుతాను, నా అబద్ధంతో సహా. కొందరు విని ఊరుకుంటారు. కొందరు ఇళ్లకు పోయి మా మేడం మంచిది కాదని చెబుతారట. చెప్పనీ. ఇప్పటి సంఘంలో ఎవరో ఒకరు ప్రతి ఏడూ నాకు సలహా ఇస్తారు, ఆ రెండు మాటలతో ఒకసారి దెబ్బతిన్నారు కదా, మార్చుకోరాదా అని. నేను తల ఊపి వచ్చేస్తాను. ఆడలేక మద్దెల ఓడని ఒకసారి అన్నాను, అది చాలు. మాటలు మారిస్తే తప్పు ఆ మాటలదైపోతుంది.